మల్లేశ్వరి బిగించిన సొరుగులు

స్పిన్నింగు మిల్లు ఏడింటి సైరను మోగాక అంకమ్మరావు టిఫిను తిని, చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ షెడ్డులోకి వచ్చి పెళ్లాన్ని తిట్టేవాడు. ఆదివారం తప్ప రోజూ అంతే. తిట్టేటప్పుడు అతని మొహంలో కోపమేమీ ఉండేది కాదు. మోటారు స్విచ్చి వేసే మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉండేది.

అప్పటికే బల్ల మీద సొరుగుల చెక్కలు వరసగా పేర్చి ఉండేవి. ముందు చెక్కకీ వెనక చెక్కకీ చివర్లలో ఏటవాలుగా బెజ్జాలు వేసి, జిగురు పూసి, మూలలు సరిగ్గా ఆనేలా క్లాంపులు పెట్టి, ఒక్కో బెజ్జంలో ఒక్కో మరమేకు నిలబెట్టి వేళ్లతో రెండు చుట్లు తిప్పి ఉంచేది మల్లేశ్వరి. అంతా అయ్యాక చేతులు కొంగుకి తుడుచుకుని పక్కన నిలబడేది.

"నిన్న పప్పులో ఉప్పు కషాయం. ఉప్పెంతెయ్యాలో కూడా నేర్పకుండానే చచ్చిపోయింది మీ అమ్మ," అనేవాడు అంకమ్మరావు.

ఆమె గుటక వేసేది. ఏదో గట్టిది గొంతులోంచి కిందకి దిగేది. బల్ల మీద మరమేకులన్నీ సన్నగా కిర్రుమంటూ తిరిగి చెక్కలోకి దిగి, తల బెజ్జం అడుగుకి ఆనగానే ఆగిపోయేవి. పన్నెండు సొరుగులు, సొరుగుకి ఎనిమిది మరలు. గ్లాసెడు టీ తాగేలోపు అన్నీ బిగిసేవి.

"చాల్లే. ఇంకో వరస పేర్చు," అనేవాడు అంకమ్మరావు.

మల్లేశ్వరికి కోపమొస్తే మరలు తిరుగుతాయన్న సంగతి చిలకలూరిపేటలో అందరికీ తెలుసు. పర్చూరులో ఇంకా బాగా తెలుసు. ఆమె పుట్టిల్లు అదే. తండ్రి సంజీవరావు పొగాకు ఆరబెట్టే బ్యారన్లకి తలుపులు చేసే వడ్రంగి. చిన్నప్పుడు ఆమెకి కోపమొస్తే నోరు తెరిచి అరిచేది. అరిస్తే చుట్టూ ఉన్న మరలన్నీ వదులైపోయేవి. మూడో తరగతిలో, చెయ్యని తప్పుకి లెక్కల మాస్టారు కొట్టాడని అరిచినప్పుడు బడిలో నాలుగు బెంచీలు పిల్లలతో సహా కూలబడ్డాయి. హెడ్మాస్టరు సంజీవరావుని పిలిపించి, బెంచీలు బాగుచేయించుకుని, "పిల్లకి కాస్త ఓర్పు నేర్పవయ్యా," అన్నాడు.

సంజీవరావు నేర్పాడు. తల్లి లేని పిల్ల, రేపు ఎవరింట్లో ఎలా నెగ్గుకొస్తుందోనని అతని భయం.

"కోపమొస్తే మింగెయ్యి తల్లీ. మాత్ర మింగినట్టు మింగెయ్యి. కాసేపటికి పోతుంది."

మింగితే మరలు ఊడేవి కావు, బిగుసుకునేవి. అది నయం కదా అనుకున్నారు అందరూ. కిటికీ రెక్కలు రెండు తెరుచుకోకుండా పోయాయి, ఓసారి సంజీవరావు కళ్లజోడు అద్దం పగిలింది. అంతకు మించి ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఆ పిల్ల ఇంటరు చదివింది. డిగ్రీ చదువుతానంటే అందరూ వద్దన్నారు. అదీ మింగింది.

పెళ్లిచూపులప్పుడు సంజీవరావు దాచకుండా చెప్పాడు. "మా అమ్మాయికి కోపమొస్తే మరలు తిరుగుతాయండీ. తర్వాత మాట రాకూడదు, అందుకని చెబుతున్నా."

అంకమ్మరావు తల్లి గురవమ్మ పకోడీ నములుతూ, "మాదీ కర్రపనే కదా అన్నయ్యగారూ. పనికొస్తుందిలెండి," అంది.

అంకమ్మరావు పెళ్లికి ముందు మద్రాసులో రెండేళ్లు ఫర్నిచరు షాపులో పనిచేసి వచ్చాడు. పల్చటి ప్లైవుడ్డుతో సొరుగు చేసే కిటుకు అక్కడే నేర్చుకున్నాడు. అరంగుళం ప్లైవుడ్డు అంచులోకి మేకు కొడితే పొరలు విడిపోతాయి. ఏడాది తిరక్కుండా సొరుగు లాగితే ముందు చెక్క ఒక్కటే చేతిలోకి వస్తుంది. అలా కాకుండా, చెక్క వెనకవైపు నుంచి అంచుకేసి ఏటవాలుగా బెజ్జం వేసి, మరని ఆ వాలులోనే పంపి పక్క చెక్కలోకి దించాలి. బెజ్జం మొదట్లో చొక్కా జేబులాంటి గుంట పడుతుంది కాబట్టి మద్రాసులో దాన్ని జేబు బెజ్జం అనేవారు. మర తల ఆ జేబులో దాక్కుంటుంది. పైన అందమైన పలక ఒకటి అంటిస్తే అతుకు ఎక్కడుందో దేవుడికి కూడా తెలియదు.

వాలు తప్పకుండా ఉండటానికి లేతు మిషను పీరు ఒక ఇనప దిమ్మ చేసిపెట్టాడు. దాంట్లో రెండు గొట్టాలు వాలుగా ఉంటాయి. డ్రిల్లు అందులో పెడితే బెజ్జం ఎవరు వేసినా ఒకటే. కష్టమంతా బిగించటంలోనే ఉంది. వెంట్రుకవాసి తక్కువ బిగిస్తే సొరుగు ఊగుతుంది. ఎక్కువ బిగిస్తే మర మొన పక్క చెక్కని చీల్చుకుని బయటికొస్తుంది. చెయ్యి తిరిగిన అంకమ్మరావుకే పదింట రెండు పాడయ్యేవి.

పెళ్లయిన ఏడాదికి ఒక రోజు అతను మరలన్నీ నిలబెట్టి స్క్రూడ్రైవరు కోసం వెతుక్కుంటుంటే, గురవమ్మ కోడల్ని దేనికో ఏదో అంది. మల్లేశ్వరి మింగింది. బల్ల మీద సొరుగు దానంతటదే బిగిసింది. అంకమ్మరావు దాన్ని చేతిలోకి తీసుకుని ఊపాడు. నేల మీద పడేశాడు. ఎక్కి నిలబడ్డాడు. తర్వాత పెళ్లాం వైపు చాలాసేపు చూశాడు. ఆ మర్నాడే మొదలైంది ఏడున్నర తిట్టు.

ఏ మాటకి మర ఎంత దిగుతుందో ఆర్నెల్లలో అతనికి లెక్క తెలిసిపోయింది. అరంగుళం ప్లైవుడ్డుకి వంట సంగతి చాలు. ముప్పావంగుళానికి ఆమె చదువు. టేకు చెక్కయితే, పెళ్లయి ఇన్నేళ్లయినా కడుపు పండకపోవటం. తండ్రి జోలికి మాత్రం వెళ్లేవాడు కాదు. ఒకే ఒక్కసారి వెళ్తే మరలు సొరుగుని దాటి కింద బల్లలోకి దిగిపోయాయి. రంపం పెట్టి కోస్తే గానీ రాలేదు.

అంకమ్మరావు సొరుగులంటే పేరొచ్చింది. పురుగుమందుల కొట్లవాళ్లు, గుంటూరు మిరపయార్డు కమీషన్ దుకాణాలవాళ్లు, పంటి డాక్టర్లు ఇతని దగ్గరికే వచ్చేవారు. "ఏనుగెక్కినా కదలవండీ," అని ఒకళ్లకొకళ్లు చెప్పుకునేవారు. ఎలా బిగుస్తున్నాయో తెలుసు వాళ్లకి. షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని, తిట్టు వినిపించాక, కిర్రుమన్న చప్పుడూ విని, సరుకు ఆటోలో ఎక్కించుకుని వెళ్లేవారు.

మల్లేశ్వరికి మాత్రం రాత్రి అన్నం దిగటం మానేసింది. గొంతులో రాళ్లు పేర్చినట్టుండేది. దవడలు నొప్పి. ఆకు మడిచినట్టు సన్నబడిపోయింది. ఒక రోజు ధైర్యం చేసి అడిగింది.

"నేను చేత్తో బిగిస్తానండీ. స్క్రూడ్రైవరు ఇవ్వండి. నేర్చుకుంటాను."

"చేత్తో అయితే రోజుకి నాలుగవుతాయి. ఇట్టా అయితే యాభై," అన్నాడు అంకమ్మరావు, నిజంగానే అర్థం కానివాడిలా. "నిన్నేమన్నా కొడుతున్నానా? రెండు మాటలు. వాటిలో మనసు కూడా ఉండదు. నీకు తెలుసుగా?"

"పడాలమ్మా," అంది గురవమ్మ చేటలో బియ్యం చెరుగుతూ. "మేం పడలా?"

మల్లేశ్వరి మింగింది. బీరువా తలుపు నాలుగు రోజులు తెరుచుకోలేదు.

రెండువేల రెండో సంవత్సరం వేసవిలో పెద్ద పని వచ్చింది. గుంటూరు అవతల కొత్తగా కట్టిన ఒక కాలేజీ హాస్టలుకి మూడొందల బల్లలు, బల్లకో సొరుగు. జూన్ మొదటి వారానికి పిల్లలు చేరతారు, ఈలోపు అయిపోవాలి. కాంట్రాక్టరు రామాంజనేయులు లారీలో సరుకు దింపించాడు. అంకమ్మరావు ప్లైవుడ్డు అంచుని వేళ్లతో నొక్కి చూశాడు.

"ఇది అరంగుళం కాదుగా రామాంజనేయులుగారూ? తొమ్మిది ఎమ్మెమ్ ఇది. దీంట్లో మర నిలవదండీ, అవతలికొచ్చేస్తుంది."

"మామూలు వాళ్లకి నిలవదు. మీ ఇంట్లో మిషనుందిగా," అన్నాడు రామాంజనేయులు, అక్కడే నిలబడ్డ మల్లేశ్వరిని గడ్డంతో చూపిస్తూ.

మల్లేశ్వరి గుటక వేసింది. రామాంజనేయులు కళ్లజోడు కాళ్లు రెండూ కణతలకి నొక్కుకున్నాయి. అతను జోడు తీసి, కణతలు రుద్దుకుని, మళ్లీ పెట్టుకుని, "చూశావా? సన్నంగా వాడుకో. అంతే," అన్నాడు.

తొమ్మిది ఎమ్మెమ్ చెక్కకి ముప్పావంగుళం మర. దానికి గోరంత కోపం చాలు. అంకమ్మరావు చాలా జాగ్రత్తగా తిట్టేవాడు. ముగ్గులో చుక్క వంకరపోయిందనేవాడు. జడ సరిగ్గా అల్లుకోలేదనేవాడు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అరగంటకోసారి. అంత చిన్న కోపానికి ఒక్కో తిట్టుకి అర సొరుగే బిగిసేది. మొదటి వారం ఎనభై అయ్యాయి, రెండో వారం వంద. మూడో వారం సోమవారం నాడు, ముగ్గు వంకర అన్నాక మరలు కదలలేదు.

అంకమ్మరావు మళ్లీ అన్నాడు. కదలలేదు. జడ అన్నాడు. ఉప్పు అన్నాడు. చదువు అన్నాడు. ఆఖరికి, చెక్క పగిలితే పగిలిందని, పిల్లల్లేని మాట కూడా అన్నాడు. మల్లేశ్వరి ఎదురుగోడ వైపు చూస్తూ నిలబడింది. గుటక వెయ్యటానికి కూడా ఏమీ రాలేదు ఆమెకి. రోజుకి పాతికసార్లు ఒకే చోట గిచ్చితే అక్కడ స్పర్శ పోయినట్టు, ఆ మాటలన్నీ తగిలే చోటు మొద్దుబారిపోయింది.

"ఏందే ఇది? కావాలనే చేస్తన్నావా?" అన్నాడు అంకమ్మరావు.

"లేదండీ. రావట్లేదు."

ఇంకా నూట ఇరవై సొరుగులు మిగిలున్నాయి. అంకమ్మరావు మంగళ, బుధవారాలు స్క్రూడ్రైవరు తీసుకుని స్వయంగా కూర్చున్నాడు. తొమ్మిది ఎమ్మెమ్ చెక్క అతని చేతిలో బిస్కట్టులా చిట్లింది. గురువారం తల్లీకొడుకులు వంటింట్లో తలుపు దగ్గరేసుకుని ఏదో మాట్లాడుకున్నారు. బయటికొచ్చాక అంకమ్మరావు మొహం తేటపడింది. మిగిలిన నూట ఇరవై సొరుగులూ షెడ్డు నిండా, నేల మీద కూడా పేర్పించాడు. అన్నిట్లో మరలు నిలబెట్టించాడు. శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆ పేర్చటమే సరిపోయింది.

మూడింటికి పీరు వచ్చాడు. దిమ్మలో గొట్టం అరిగిపోతే కొత్తది వేసి తెచ్చాడు. గుమ్మంలో మల్లేశ్వరిని చూసి ఆగిపోయాడు.

"అదేంటి చెల్లెమ్మా, నువ్వింకా ఇక్కడే ఉన్నావు? మీ నాన్నకి ఎట్టా ఉంది?"

"నాన్నకేంటన్నా?"

పీరు అంకమ్మరావు వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు. "మంగళవారం ఎదురుగా కిరాణా కొట్టుకి ఫోనొచ్చింది. నేనక్కడే బీడీలు కొంటన్నా. మీ అత్తగారే మాట్లాడింది. ఎండలో పనిచేస్తూ పడిపోయాడంట, ఓ పక్క చెయ్యీ కాలూ పోయాయంట. పర్చూరు ఆస్పత్రిలో పెట్టారంట. నీకు చెప్పలేదా?"

"ఒరేయ్ పీరూ!" అని అరిచాడు అంకమ్మరావు. చేతిలో క్లాంపు నేలకేసి కొట్టాడు. "ఎవడడిగాడ్రా నిన్ను? ఆ మాట నేను చెప్పుకునేవాణ్ణి కదరా! ఈ నూట ఇరవైకీ పంచితే సరిగ్గా సరిపోతుందని అట్టే పెట్టుకున్నా దాన్ని!"

హైవే మీద పత్తి లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

మల్లేశ్వరి వంటింటి గుమ్మం వైపు తిరిగింది. గురవమ్మ అక్కడ నిలబడి ఉంది.

"ఫోను మీరే ఎత్తారా అత్తయ్యా?"

గురవమ్మ తల దించుకుంది.

"ఏమన్నారు?"

"నీ పేరు పలుకుతున్నాడంట. నోరు సరిగ్గా తిరగట్లేదంట. నిన్ను పంపమన్నారు."

"మంగళవారం."

"ఆఁ."

"ఇవాళ శుక్రవారం."

అలవాటు పోదు కదా. మల్లేశ్వరి గొంతు దానంతటదే గుటక వెయ్యబోయింది. షెడ్డులో నూట ఇరవై సొరుగుల్లో నిలబెట్టిన మరలన్నీ ఒక్కసారి కిర్రుమని కదిలాయి. అంకమ్మరావు చటుక్కున వంగి వాటిని చూశాడు. దిగుతున్నాయి. అతని మొహం విప్పారింది. అయ్యిందిరా దేవుడా అన్నట్టు ఊపిరి వదిలాడు.

మల్లేశ్వరి ఆ మొహాన్ని చూసింది. సగం దిగిన గుటక ఆగిపోయింది.

"నువ్వు బల్ల చూస్తున్నావు," అంది.

నాలుగేళ్లలో అతన్ని 'నువ్వు' అనటం అదే మొదలు. అరవలేదు. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడేటంత గొంతుతోనే అంది. మరలు తిరగటం ఆగింది.

"మా నాన్న పడిపోయాడని నాకిప్పుడే తెలిసింది. నువ్వు నా మొహం చూడట్లా. మరలు దిగుతున్నాయా లేదా అని బల్ల చూస్తున్నావు. నాలుగు రోజులు, మనిషి మంచంలో పడి నా పేరు పలుకుతుంటే, ఆ మాట తీసి జిగురు డబ్బా పక్కన పెట్టుకున్నావు. ఎప్పుడు పనికొస్తుందా అని."

మొదటి మర వదులై టప్పుమని నేల మీద పడింది.

"మింగు," అన్నాడు అంకమ్మరావు. "మల్లీ, మింగవే! తర్వాత మాట్లాడుకుందాం!"

"మింగను. ఉప్పు అన్నావు, మింగాను. చదువు అన్నావు, మింగాను. మా అమ్మ చచ్చిపోయిందన్నావు. నీ సొరుగుల కోసం రోజుకి ఎన్నిసార్లు చంపావురా మా అమ్మని? ఒక్కసారి పోయింది ఆవిడ. మిగతావన్నీ నువ్వు చంపినవే. కడుపు పండలేదన్నావు. ఇద్దరం కదా కాపురం చేసింది? కోపంతో అన్నా క్షమించేదాన్ని. నీకు కోపం కూడా లేదు. టీ తాగుతూ అన్నావు."

మరలు వానచినుకుల్లా రాలుతున్నాయి. నూట ఇరవై సొరుగులు చెక్కలు చెక్కలుగా విడిపోయాయి. గోడ వెంబడి పేర్చిన నూట ఎనభై కూడా, పైనుంచి కిందకి, ఒకదాని మీద ఒకటి కూలాయి. తలుపు బందులు ఊడాయి. పైకప్పు రేకుల బోల్టులు ఊడి రేకులు లేచి టపటపా కొట్టుకున్నాయి. అంకమ్మరావు ఒక సొరుగుని రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. అది అతని చేతుల్లోనే నాలుగు పలకలై విడిపోయింది.

"అత్తయ్యా," అంది మల్లేశ్వరి. "మీరు పడ్డారని నన్నూ పడమన్నారు. ఎవరో మిమ్మల్ని కాలిస్తే ఆ నిప్పు నా చేతిలో పెట్టారు మీరు."

అదే సమయానికి ఊళ్లో పురుగుమందుల కొట్లలో సొరుగులు ఒళ్లో పడ్డాయి. గుంటూరు మిరపయార్డులో ఎనిమిది దుకాణాల్లో కాగితాలు నేలపాలయ్యాయి. పంటి డాక్టరుగారి పరికరాలు పేషెంటు పాదాల మీద పడ్డాయి. వాళ్లెవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మల్లేశ్వరి నోరు తెరిచినట్టుంది," అనుకుని మరలు ఏరుకున్నారు. ఇన్నాళ్లూ కుర్చీలో కూర్చుని విన్నవాళ్లు కొందరు తలొంచుకుని ఏరుకున్నారు.

పీరు తన లూనా మీద ఆమెను బస్టాండుకి తీసుకెళ్లాడు. దారిలో హ్యాండిలు రెండుసార్లు వదులైంది. "ఫర్వాలేదు చెల్లెమ్మా, అనేదేదో అనెయ్యి," అంటూ ఆగి బిగించుకున్నాడు. బస్సులో మాత్రం ఆమె ఏమీ అనలేదు. యాభైమంది ఉన్నారు. కిటికీ ఊచకి తల ఆనించి ఏడ్చింది. ఏడుపుకి మరలు కదలవు.

సంజీవరావు బతికే ఉన్నాడు. నోరు ఒక పక్కకి వంకరపోయింది. కూతుర్ని చూసి మంచి చెయ్యి ఎత్తాడు. మల్లేశ్వరి ఆ చెయ్యి పట్టుకుంది. దాన్ని వదలకుండానే అంది.

"మింగమని నువ్వే నేర్పావు నాన్నా. మాత్రలా మింగితే పోతుందన్నావు. పోలేదు. ఒక్కటి కూడా పోలేదు. అన్నీ అలాగే ఉన్నాయి."

సెలైను స్టాండు మర వదులై సీసా జారింది. నర్సు వచ్చి దాన్ని కిటికీకి గుడ్డపీలికతో కట్టి వెళ్లింది. సంజీవరావు కళ్ల వెంట నీళ్లు కారాయి. "త... త..." అన్నాడు. తప్పు అనబోయాడో, తల్లీ అనబోయాడో ఆమెకి తెలియలేదు. రెండూ అనుకుంది.

ఆమె మళ్లీ చిలకలూరిపేట వెళ్లలేదు. తండ్రిని ఇంటికి తెచ్చుకుని, అతని పనిముట్లు దించి, చేత్తో సొరుగులు చెయ్యటం మొదలెట్టింది. దిమ్మ పీరు ఇంకొకటి చేసి పంపాడు. మొదటి నెల అరచేతులు బొబ్బలెక్కాయి. మరలు అటు చీల్చుకుని వచ్చాయి, ఇటు వదులయ్యాయి. సంజీవరావు మంచంలోంచి మంచి చెయ్యి వేళ్లతో చూపించేవాడు, ఇంకా, ఇంకా, చాలు అని. దసరా నాటికి రోజుకి మూడు వచ్చేవి. ఊగేవి కావు.

మిగతా సంపాదన కోపం మీద. బోరు మోటార్ల బోల్టులు తుప్పుపట్టి రాకపోతే చుట్టుపక్కల రైతులు ఆమెకి కబురు పెట్టేవారు. ఆమె వెళ్లి, మోటారు పక్కన గట్టు మీద కూర్చుని, చిలకలూరిపేటలో గడిచిన ఒక రోజు సంగతి ఏదో ఒకటి పైకి చెప్పేది. తుప్పు రాలి బోల్టు తిరిగేది. "ఎంత గట్టి బోల్టయినా అరగంట కథ చాలు," అనేవాడు బుల్లయ్య అనే రైతు. ఏ రోజు సంగతి దేనికి వాడాలో ఎన్నుకునేది ఇప్పుడు ఆమే.

అంకమ్మరావు ఒక్కసారి వచ్చాడు. హాస్టలు పని పోయింది, రామాంజనేయులు వేరేవాళ్లకి ఇచ్చుకున్నాడు. మోటారుసైకిలు దిగకుండానే, "రా, ఇంక ఏమీ అనను," అన్నాడు.

"అనకపోతే నాతో నీకేం పని?" అంది మల్లేశ్వరి, బిగిస్తున్న మర మీద నుంచి కళ్లెత్తకుండా.

అతను బండి వెనక్కి తిప్పాడు. వెళ్లేటప్పుడు దాని చైను ఊడింది. చాలా దూరం నెట్టుకుంటూ వెళ్లాడు.

మిరప నారు పోసే రోజులు వెళ్లి, కోతలు మొదలయ్యాక గురవమ్మ వచ్చింది. పదింటి బస్సు దిగి, నెత్తిన చిన్న చెక్క పెట్టెతో. గుమ్మం బయటే ఆగింది.

"లోపలికి రమ్మనను," అంది మల్లేశ్వరి. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది.

గురవమ్మ నీళ్లు తాగి, పెట్టె ముందుకు జరిపింది. మూత చుట్టూ ఆరు మరలు, తుప్పుతో నల్లగా ఉన్నాయి.

"మీ మామయ్య బిగించినవి. అంకమ్మకి అప్పుడు రెండేళ్లు. నేను పుట్టింటికి పోతానని బట్టలు సర్దుకుంటే, వచ్చి మూతకి మరలు దిగ్గొట్టాడు. పో, పెట్టెతోనే పో, కానీ దీన్ని తెరవటానికి వీల్లేదు అన్నాడు. ఆగిపోయా. ముప్పై ఏళ్లు. ఎన్ని స్క్రూడ్రైవర్లు పెట్టినా మర తలల మీది గాట్లు అరిగిపోయాయి గానీ తిరగలా. నువ్వు రెండు మాటలు అను. పన్నెండున్నర బస్సుకి పోతా."

"ఇది నా కోపం కాదు," అంది మల్లేశ్వరి. "నా దగ్గర మీ మీద ఉంది కోపం. ఆయన మీద లేదు. ఆయన్ని నేను చూడను కూడా లేదు. మీరే చెప్పండి."

"నాకు చేతకాదమ్మా."

"ఫోనెత్తి మా నాన్న సంగతి నాలుగు రోజులు దాచటం చేతనైంది."

గురవమ్మ మొహం ఎర్రబడింది. లేవబోయింది. లేవలేదు. మర మీద తుప్పుని గోటితో గీకుతూ కూర్చుంది. మల్లేశ్వరి తన పనికి తాను తిరిగింది. సాయం చెయ్యలేదు, పొమ్మనలేదు.

"ఆ రోజు..." అంది గురవమ్మ, ఎవరికీ వినపడనంత చిన్నగా. ఆగింది. గొంతు సవరించుకుంది. "ఆ రోజు కూర మాడిందని కాదు అతను కొట్టింది. ఊరంతా అదే అనుకున్నారు. నేనూ అదే చెప్పా. కాదు. నేను నవ్వానని కొట్టాడు. పెరట్లో నిలబడి పక్కింటి ఆవిడతో ఏదో మాట్లాడుతూ నవ్వా. అంతే. నవ్వినందుకు కొట్టావు కదరా నన్ను!"

మొదటి మర చుట్టూ తుప్పు పొడిగా రాలింది. మర కదిలింది.

గురవమ్మ దాన్ని చూసింది. ఇంకొంచెం ముందుకు జరిగి, పెట్టె మీద రెండు చేతులూ ఆనించి, ఈసారి గొంతు పెంచి మొదలుపెట్టింది. వీధిలో పోయేవాళ్లు తిరిగి చూసి, ముక్కుమీద కళ్లజోడు ఉన్నవాళ్లు తీసి చేత్తో పట్టుకుని, నడుచుకుంటూ వెళ్లారు.

పన్నెండున్నర బస్సు వచ్చింది. మలుపులో ఆగి, రెండుసార్లు హారను కొట్టి, వెళ్లిపోయింది. గురవమ్మ ఇంకా రెండో మర దగ్గరే ఉంది.